పల్నాటి బడిలో ప్రపంచ పటం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి కట్టడానికి స్థలం ఎవరిచ్చారు, గదులు ఎప్పుడు లేచాయి, ఏ ప్రధానోపాధ్యాయుల కాలంలో ఎన్ని ర్యాంకులు వచ్చాయి అనే విషయాలు ఈ సంచికలో వేరే మిత్రులు రాస్తున్నారు. అందుకని నేను ఒక పాఠం చరిత్ర రాయాలనుకున్నాను. అది ప్రపంచ ప్రాంతాల పాఠం. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోచోట నేల ఎలాంటిది, వాన ఎంత, ఏం పండుతుంది, జనం ఎలా బతుకుతారు అని చెప్పే పాఠం. బడిలో అది సోషల్‌లో ఒక ముక్క. కాలేజీలో భూగోళం తీసుకున్న కొద్దిమందికి కాస్త లోతుగా దొరికేది. అమెరికా కాలేజీల్లో అయితే ‘వరల్డ్ రీజినల్ జాగ్రఫీ’ పేరుతో మొదటి మెట్టు కోర్సుగా ఇప్పటికీ నడుస్తోంది.

మ్యాప్ పాయింటింగ్‌కు మార్కులు వస్తాయని మనమంతా పటంలో చుక్కలు పెట్టిన వాళ్లమే. ఆ చుక్కలకూ మన ఊరికీ ఏమిటి సంబంధమో చెప్పిన గురువులు కొందరే. ఆ సంబంధం చెప్పకపోవడం వల్లనే ఈ పాఠం మన ప్రాంతంలో క్రమంగా నీరసించిందని నా అభిప్రాయం. ప్రపంచ ప్రాంతాల పాఠానికి పల్నాడు కంటే మంచి తరగతి గది దొరకడం కష్టం. అది ఎందుకో చూద్దాం.

రాతి మీద దేశాల పట్టీ

పల్నాడులో ప్రపంచ ప్రాంతాల పేర్లు మొదట కనిపించేది పాఠ్యపుస్తకంలో కాదు, శాసనంలో. నాగార్జునకొండ లోయను 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అలా బయటపడింది. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరం నాటిది. బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే నేటి శ్రీలంక, నుంచి వచ్చిన థేరుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. ఆ థేరులు ధర్మం ప్రచారం చేసిన దేశాల పేర్లు ఆ శాసనంలో వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీన, చిలాత, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తామ్రపర్ణి ద్వీపం.

ఈ పట్టీని ఒక్కసారి పటం మీద పెట్టి చూడండి. వాయవ్యాన గాంధారం, యవన దేశం. ఉత్తరాన కాశ్మీరం, హిమాలయపు కిరాతుల చిలాత, ఆవల చీన. తూర్పున వంగ, ఒడిశా తోసలి, ఆ తీరంలోనే పలూరు రేవు. పడమట కొంకణ తీరపు అపరాంతం. దక్షిణాన వనవాసి, తమిళదేశం, సింహళం. దాదాపు 1700 ఏళ్ల కిందట మాచర్లకు కూతవేటు దూరంలోని లోయలో ఉన్నవారికి ఇన్ని ప్రాంతాలు పేరుపేరునా తెలుసు. ఆ లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. శిల్పాల్లో శకుల వేషంలో ఉన్న సైనికులు కనిపిస్తారు. బోధిసిరి శాసనంలోనే కంటకసోల పేరు కూడా వస్తుంది. అది నేటి కృష్ణా జిల్లా ఘంటసాల. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన గ్రంథంలో అదే ఊరిని కృష్ణాతీరపు వర్తక కేంద్రంగా పేర్కొన్నాడు. అంటే అలెగ్జాండ్రియాలో కూర్చున్న పండితుడి పుస్తకంలో మన తీరం ఉంది. మన లోయలోని రాతి మీద వారి యవన దేశం ఉంది. ఎవరి పాఠంలో ఎవరు అన్న ప్రశ్న కొత్తదేమీ కాదన్నమాట.

అగ్రాలు, అఖాతాలు, ఆ తర్వాత ప్రాంతాలు

ఇంగ్లీషు వారి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ బడులకు వచ్చిన భూగోళం మొదట్లో పేర్ల జాబితా. అగ్రాలు, అఖాతాలు, నదులు, రాజధానులు, ఎగుమతులు. కంఠస్థం చేసి అప్పజెప్పాలి. ఈ పద్ధతి మీద ఇంగ్లండులోనే అసంతృప్తి పుట్టింది. ఆక్స్‌ఫర్డులో పనిచేసిన హెర్బర్ట్‌సన్ 1905లో ప్రపంచాన్ని ‘ప్రధాన సహజ ప్రాంతాలు’గా విభజించి ఒక వ్యాసం ప్రచురించాడు. దేశాల సరిహద్దులు పక్కనబెట్టి, ఉష్ణోగ్రత, వాన, ఉపరితలం, వృక్షాలు కలిపి చూస్తే, వేరువేరు ఖండాల్లో ఉన్నా ఒకేరకం ప్రాంతాలు కనిపిస్తాయన్నాడు. మనం చదువుకున్న భూమధ్యరేఖా ప్రాంతం, సవన్నా, ఉష్ణ ఎడారులు, రుతుపవన ప్రాంతం, మధ్యధరా ప్రాంతం, టైగా, టండ్రా అనే వరసకు మూలం ఈ ఆలోచనే.

ఆ ఆలోచనను తరగతి గదుల్లోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు డడ్లీ స్టాంప్. ఆయన 1923 నుంచి 1926 దాకా రంగూన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అప్పటికి రంగూన్ రేవులోనూ వడ్లమిల్లుల్లోనూ వేలాది తెలుగు కూలీలు పనిచేస్తున్నారు. లండన్‌కు తిరిగి వెళ్లాక 1929లో ఆయన రాసిన ‘ది వరల్డ్’ అనే పాఠ్యపుస్తకం దశాబ్దాల పాటు మన దేశంలో కూడా చదివారు. 1926లోనే మద్రాసులో ఎన్. సుబ్రహ్మణ్యం వంటి వారి చొరవతో మద్రాస్ జాగ్రఫికల్ అసోసియేషన్ ఏర్పడింది. ఉపాధ్యాయులకు భూగోళం ఎలా చెప్పాలో నేర్పడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇరుగుపొరుగు నేలను నడిచి చూసి పాఠం చెప్పాలన్న మాట అప్పటి నుంచీ ఉంది.

అయితే ఈ ప్రాంతాల పాఠంలో ఒక విషపు చుక్క కూడా కలిసి వచ్చింది. ఎండ దేశాల వారు సోమరులు, చల్లని దేశాల వారు చురుకైనవారు అనే వాదం. అమెరికాకు చెందిన ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో వాతావరణం, నాగరికత అంటూ ఈ మాటకు శాస్త్రం రంగు పూశాడు. పాలించే వారికి అది అనుకూలమైన వాదం. దాని నీడ మన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉండిపోయింది. ఆఫ్రికా అంటే పిగ్మీలు, బుష్‌మెన్; ఉత్తరాన ఎస్కిమోలు, ఇగ్లూలు; అరేబియా అంటే ఒంటెలు, బిడోయిన్లు. ప్రతి ప్రాంతానికీ ఒక బొమ్మ, ఆ బొమ్మకు ఒక స్వభావం. ఎస్కిమో అన్న పేరును కెనడా, గ్రీన్‌లాండ్‌లలోని వారు ఇష్టపడరనీ, తమను ఇన్యూట్ అని పిలుచుకుంటారనీ మనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సోషల్ మాస్టారు వచ్చారు

స్వాతంత్ర్యం తర్వాత 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి సాంఘిక శాస్త్రంగా బోధించాలని సూచించింది. అప్పటి నుంచి మన బళ్లలో భూగోళం అయ్యవారు కనుమరుగై సోషల్ మాస్టారు వచ్చారు. ఉద్దేశం మంచిదే. ఒక ప్రాంతపు నేలనూ చరిత్రనూ పాలననూ విడదీసి చెప్పకూడదన్నది దాని సారం. కానీ చరిత్ర మీద మక్కువ ఉన్న మాస్టారి చేతిలో పటం గోడకే ఉండిపోయేది. పటం మీద ప్రేమ ఉన్న మాస్టారు దొరికిన తరగతి అదృష్టవంతురాలు. స్టాఫ్ రూము నుంచి చుట్టచుట్టిన పటాన్ని మోసుకొచ్చే పని కోసం పిల్లలు పోటీపడిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

కాలేజీ మెట్టుకు వస్తే, నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల 1950లో మొదలైంది. అంతకు ముందు ఈ మెట్ట ప్రాంతపు పిల్లలు పైచదువుకు గుంటూరో మద్రాసో పోవలసిందే. కాలేజీ చదువుకు పెద్ద అడ్డంకి ఇంగ్లీషు. తెలుగులో పాఠం విని అర్థం చేసుకున్న పిల్లవాడు కాలేజీకి వెళ్లగానే అదే విషయాన్ని ఇంగ్లీషు నోట్సుగా బట్టీ పట్టేవాడు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి మన నరసరావుపేట ప్రాంతం వారే. అకాడమీకి మొదటి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. 1969లో పి.యు.సి. స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చింది. 1971లో ఇంటర్మీడియెట్ బోర్డు ఏర్పడింది. ఇంటర్, డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. అక్షాంశం, రేఖాంశం, రుతుపవనాలు, శీతోష్ణస్థితి, పీఠభూమి వంటి మాటలు బడి దాటి కాలేజీకి కూడా నడిచాయి. మెట్ట పల్లెల నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థులకు ఇది చిన్న మేలు కాదు.

కానీ అదే ఇంటర్మీడియెట్ ఇంకో పని కూడా చేసింది. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. మనమంతా ఈ నాలుగు గ్రూపుల్లో ఏదో ఒక దానిలో చదివినవాళ్లమే. ఈ నాలుగు పేర్లలో భూగోళానికి ఒక్క అక్షరం కూడా లేదు. ఐచ్ఛికంగా భూగోళం ఉన్నా చెప్పే కాలేజీలు తక్కువ, తీసుకునే పిల్లలు మరీ తక్కువ. దాంతో పదో తరగతి పరీక్షలో పటంలో చుక్క పెట్టి లేచిన విద్యార్థికి ప్రపంచ పటంతో రుణం తీరిపోయేది. మళ్లీ గ్రూప్ పరీక్షలకు కోచింగ్‌లో చేరినప్పుడే ఆ పటం విప్పేది. పడమటి దేశాల్లోనూ ఈ పాఠానికి ఒడుదొడుకులు తప్పలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1948లో తన భూగోళ విభాగాన్నే మూసివేసింది. ప్రాంతాల వర్ణన శాస్త్రం కాదు, సూత్రాలూ లెక్కలూ కావాలి అన్న వాదం 1950లలో బలపడింది. అక్కడ మాత్రం ప్రాంతీయ భూగోళం మొదటి ఏడాది కోర్సుగా నిలదొక్కుకుంది. ఇక్కడ నిలదొక్కుకోలేకపోయింది.

మాచర్ల అక్షాంశం మీద

ఈ పాఠాన్ని మన ఊళ్లో ఎలా చెప్పవచ్చో ఒక ఉదాహరణ ఇస్తాను. మాచర్ల సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. గ్లోబు తీసుకుని ఆ గీత వెంబడి వేలు జరపండి. తూర్పుకు వెళితే కొద్దిపాటి తేడాతో బర్మాలో రంగూన్, నేటి యాంగాన్, తగులుతుంది. ఇంకా ముందుకు పోతే వియత్నాంలో హ్యూ నగరం సరిగ్గా మన గీత మీదే ఉంటుంది. పసిఫిక్ దాటితే మెక్సికోలో అకపుల్కో. అట్లాంటిక్ దాటితే ఆఫ్రికాలో మాలి దేశపు టింబక్టు. సూర్యుడు ఈ ఊళ్లన్నిటి మీదా దాదాపు ఒకే కోణంలో ప్రకాశిస్తాడు. కానీ ఒక ఊరికీ ఇంకో ఊరికీ పోలిక లేదు. యాంగాన్‌లో ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన. మన దగ్గర అందులో మూడోవంతు కూడా పడదు. టింబక్టులో 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. హ్యూకు కూడా వాన ఎక్కువే, కానీ అది మనకు వానలు తగ్గే కాలంలో, సెప్టెంబరు తర్వాత, ఈశాన్య గాలులతో పడుతుంది.

ఎందుకిలా అని పిల్లవాడు అడిగితే పాఠం మొదలైనట్టే. సముద్రం ఎంత దూరం, గాలి ఏ వైపు నుంచి వీస్తుంది, దారిలో ఏ కొండ అడ్డం వచ్చింది, కాళ్ల కింద ఏ రాయి ఉంది అని చెప్పుకుంటూ పోవాలి. వేసవి రాగానే రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అంటూ పత్రికల్లో రెంటచింతల పేరు ఎందుకు వస్తుందో కూడా ఆ పాఠంలోనే ఉంది. సముద్రగాలి అందని దూరం, చుట్టూ నాపరాతి నేల, పలచని పచ్చదనం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, మాచర్ల సిమెంటుకూ, మన ఇళ్ల గచ్చుకు పరిచిన నాపబండలకూ మూలమైన సున్నపురాయే వేసవిలో మన ఒళ్లు కాల్చే రాయి.

టింబక్టు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ ఊరు సహారా అంచున ఉంది. దానికి దగ్గరలో నైజర్ నది ప్రవహిస్తుంది. ఆ నది అక్కడి వానతో పుట్టలేదు. నైరుతిన ఎక్కడో గినియా కొండల్లో పుట్టి ఎండిన నేల మీదికి వచ్చింది. కృష్ణమ్మ కథ కూడా అంతే. ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే మహాబలేశ్వరంలో పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్ల ప్రయాణంలో మన మెట్టను దాటి సముద్రంలో కలుస్తుంది. నీరు మన పక్కనే పారుతున్నా, లోతైన లోయలో పారినంతకాలం మన చేనుకు ఉపయోగం లేదు. నైజర్ మీద మార్కాలా దగ్గర ఫ్రెంచి వారు 1930లలో ఆనకట్ట మొదలుపెట్టారు, తమ మిల్లులకు పత్తి కావాలని. పత్తి అనుకున్నంత పండలేదు. ఆ కాలువల కింద చివరికి వరి నిలిచింది. మాలి రైతు కథ మన పల్నాటి రైతుకు చెబితే, ‘అచ్చం మా కథేగా’ అనకుండా ఉండడు.

ఇక మెక్సికో. అక్కడి నుంచి వచ్చినదే మన మిరప. అక్కడి జనం వేల ఏళ్ల కిందటే దాన్ని సాగులోకి తెచ్చుకున్నారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి ఓడల్లో మన తీరానికి వచ్చింది. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున పోరాడిన పల్నాటి వీరులకు మిరపకాయ తెలియదు. పల్నాటి జొన్నకూటి మీద చాటువులు చెప్పిన శ్రీనాథుడికీ తెలియదు. వారు తిన్న కారం మిరియానిది. ఈ ఒక్క సంగతి చెబితే తరగతి మొత్తం నిటారుగా కూర్చుంటుంది. పొగాకు, మొక్కజొన్న, వేరుశనగ, బొప్పాయి కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. నేడు మన నల్లరేగడిలో వేసే పత్తి కూడా ఎక్కువగా అమెరికా జాతిదే.

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. 2021లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. పూతను పూతగానే మాడ్చింది. చేను దున్నేసిన రైతులు మన మధ్యే ఉన్నారు. ఆ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చినది. మన తేజ రకం మిరపకు ఎంత ధర పలుకుతుందో గుంటూరు యార్డుతో పాటు చైనా కొనుగోలుదార్లు కూడా నిర్ణయిస్తున్నారు. ప్రపంచ ప్రాంతాల గురించి తెలియని రైతుబిడ్డ ఈ నష్టాన్ని విధిరాత అనుకుంటాడు. తెలిసినవాడు కనీసం సరైన ప్రశ్న వేయగలడు.

ఆనకట్ట చెప్పిన పాఠం

ప్రాంతాలు దేవుడు గీసిన గీతలు అన్న పాత పాఠాన్ని కాదన్న సాక్ష్యం కూడా మన పక్కనే ఉంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. తెనాలి, రేపల్లె వైపు డెల్టా వరిపొలాలతో నిండింది. అదే నది పైన, అదే జిల్లాలో, మన మెట్ట జొన్నకూ సజ్జకూ వానకూ కట్టుబడి ఉండిపోయింది. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. డెల్టాకు నీరు అందిన 112 ఏళ్లకు మనకు అందింది. సుమారు 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన డ్యాము, 203 కిలోమీటర్ల కుడికాలువ. డెల్టాకు ముందు నీరు రావడం వల్ల వారు కష్టజీవులు, మనం కాదు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? సోమరితనం ఎండలో లేదు. నీరు ఎవరికి ముందు అందిందన్న దానిలో చరిత్ర ఉంది. హంటింగ్టన్ వాదానికి పల్నాడు ఇచ్చే జవాబు ఇదే.

ఆ నీటికి చెల్లించిన మూల్యం కూడా పాఠంలో భాగమే. ఏ లోయలో దేశాల పట్టీ రాతి మీద చెక్కారో ఆ లోయే జలాశయంలో మునిగింది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం బృందం హడావుడిగా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టింది. లోయలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. ఇంకోపక్క కాలువ మట్టానికి పైనున్న వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి చోట్ల నీటికోసం ఎదురుచూపు ఇప్పటికీ తీరలేదు. వరికపూడిశెల ఎత్తిపోతల మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో మీకు తెలుసు. ఒకే జిల్లాలో కాలువకు కిందా పైనా రెండు ప్రాంతాలు ఉన్నాయి.

అసలు పల్నాడు అంటే ఏది? ఇది కూడా మంచి ప్రాంతీయ భూగోళపు ప్రశ్నే. పల్లెనాడు అని కొందరు, పల్లవనాడు అని కొందరు పేరుకు అర్థం చెబుతారు. పాత పల్నాడు తాలూకా అంటే గురజాల, మాచర్ల వైపు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. అందులో సత్తెనపల్లి, చిలకలూరిపేట, వినుకొండ కూడా ఉన్నాయి. ‘పేట పల్నాడేనా?’ అని మాచర్ల మిత్రుడు అడుగుతాడు. ‘మరి కాదా?’ అని పేట మిత్రుడు అడుగుతాడు. నేల, రాయి, వాన ఒక గీత గీస్తాయి. వీరగాథ ఇంకో గీత గీస్తుంది. కాలువ మూడోది గీస్తుంది. కలెక్టరాఫీసు నాలుగోది. ఈ నాలుగు గీతలూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకున్న విద్యార్థికి ‘మధ్యప్రాచ్యం’ అన్న మాట ఎవరు పెట్టారు, ఎవరికి మధ్య, ఎవరికి ప్రాచ్యం అని అడగడం ఎవరూ నేర్పనక్కరలేదు.

మనల్ని వారు చదివినప్పుడు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ప్రపంచ ప్రాంతాలను చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. యుద్ధం, వ్యాపారం, రాజకీయం అన్నీ కలిసిన అవసరం అది. 1958 నాటి ఒక చట్టం కింద విదేశీ భాషలు, ప్రాంతాల అధ్యయనానికి నిధులు వచ్చాయి. మనకు గోధుమలు పంపిన పి.ఎల్. 480 పథకం రూపాయలతోనే 1962 నుంచి మన పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపారు. అలా తెలుగు పుస్తకాలు కూడా వెళ్లాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధన సాగింది. 1971 నుంచి వెల్చేరు నారాయణరావు అక్కడ పనిచేశారు. అక్కడ చదివిన జీన్ రోఘైర్ మన పల్నాటికి వచ్చి, వీరగాథను గాయకుల నోట విని, రికార్డు చేసి, అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో ప్రచురించారు. కారెంపూడి తిరునాళ్లలో మనం చిన్నప్పటి నుంచి విన్న కథ ప్రపంచ గ్రంథాలయాల్లోకి అలా చేరింది.

దీన్ని చూసి గర్వపడటం సహజం. అంతటితో ఆగిపోకూడదు. ఒక దూరదేశపు యువకుడు భాష నేర్చుకుని, ఇక్కడ ఉండి, మన ప్రాంతాన్ని చదివాడు. అదే శ్రద్ధతో విస్కాన్సిన్ పాడిరైతు గురించో మాలి పత్తిరైతు గురించో చదివి తెలుగులో రాసిన మనవారు ఎందరు? వారు మనల్ని చదివారు. మనం వారి దేశాలకు ఉద్యోగాలకు వెళ్లాం. రెండింటికీ తేడా ఉంది.

ఇప్పుడు ఏం చేయవచ్చు

మన పిల్లలు అమెరికా కాలేజీల్లో చేరినప్పుడు కొందరు ఈ ‘వరల్డ్ రీజినల్ జాగ్రఫీ’ కోర్సు తీసుకుంటారు. పది పన్నెండు ప్రాంతాల్లో దక్షిణాసియా ఒక అధ్యాయం. అందులో రుతుపవనాలు, జనాభా, పల్లెలు, సాఫ్ట్‌వేరు ఉంటాయి. పల్నాడు ఉండదు, ఉండాలని అడగడం కూడా సబబు కాదు. ప్రపంచం మొత్తాన్ని ఒక సెమిస్టరులో చెప్పాలంటే ప్రతి ప్రాంతమూ కుదించుకుపోతుంది. కానీ తన ప్రాంతం ఎలా కుదించుకుపోయిందో చూసిన విద్యార్థి ఆఫ్రికా అధ్యాయం చదివేటప్పుడు ‘ఇక్కడ కూడా ఇలాగే ఎన్నో జారిపోయి ఉంటాయి కదా’ అనుకుంటాడు. ఆ అనుమానం కలగడమే ఆ కోర్సు ఇవ్వగల పెద్ద లాభం. ఆ అనుమానానికి పునాది మాత్రం బడిలోనే పడాలి.

మన పూర్వ విద్యార్థులు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నారు, దుబాయ్‌లో ఉన్నారు, సింగపూరులో, మెల్‌బోర్న్‌లో, లండన్‌లో ఉన్నారు. గురజాల దాటని వారూ ఉన్నారు. వ్యవసాయం చేస్తున్నవారూ ఉన్నారు. ఇంతమంది ఉన్న సంఘానికి ఒక పాఠం నిలబెట్టే శక్తి ఉంది. నా సూచనలు మూడే.

మొదటిది, మన బడి వరండా గోడ మీద ఒక పెద్ద ప్రపంచ పటం వేయించి, పదహారున్నర డిగ్రీల గీతను ఎర్ర రంగుతో గీయించడం. రెండోది, విదేశాల్లో ఉన్న ప్రతి పూర్వ విద్యార్థీ తానున్న చోటు గురించి ఏడాదికి ఒక్క పేజీ తెలుగులో రాసి పంపడం. ఆ ఊరికి తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, చుట్టూ ఏం పండిస్తారు, పొలంలో పనిచేసేది ఎవరు, వారు ఎక్కడి నుంచి వచ్చారు, ఆ నేల అంతకు ముందు ఎవరిది అనే అయిదు ప్రశ్నలు చాలు. జీతాలూ, కార్లూ, మంచు ఫొటోలూ అక్కరలేదు. మూడోది, అవే అయిదు ప్రశ్నలకు మన తొమ్మిదో తరగతి పిల్లలు తమ సొంత ఊరి గురించి జవాబులు రాయడం. దుర్గి పిల్లవాడి పేజీ, డల్లాస్ పెద్దమనిషి పేజీ పక్కపక్కన ఆ పటం కింద అతికించాలి.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. సోషల్ చెప్పే ఉపాధ్యాయులకు సిలబస్ మీద భారమూ కాదు. ఉన్న పాఠానికే ఊపిరి వస్తుంది. స్వర్ణోత్సవ సభల తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ మూడు సూచనలను చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. పటం గీయడానికి రంగుల ఖర్చు నేను భరిస్తాను. మొదటి పేజీ ఏ దేశం నుంచి వస్తుందో చూడాలని ఉంది.